తడి వేలికి పలికిన పట్టీ

"పద్మా, ఆ తీగలు రోంత పక్కన పెట్టి చారుకు పోపెయ్యి. మరిగి మరిగి సగమైపాయ."

వంటింటి గడప దగ్గర పీట మీద కూర్చుని మా అత్త రాజ్యలక్ష్మమ్మ కేకేసింది. వెనక వరండాలో టంకం వేస్తున్న నేను సోల్డరింగ్ ఐరన్‌ను స్టాండులో పెట్టి లేచాను. ఆవాలు చిటపటలాడేదాకా ఆగి, కరివేపాకు వేసి, పోపు చారులో కుమ్మరించి, చేయి కడుక్కుని మళ్లీ వచ్చి కూర్చున్నాను. కూర్చున్నానో లేదో పాలవాడు వచ్చాడు. పాలు పొయ్యి మీద పెట్టేసరికి కొళాయిలో నీళ్లొచ్చాయి. నా పని ఏదైనా ఇట్లాగే జరిగేది. ఒక తీగ అతికించి బియ్యం కడగడం, ఇంకో తీగ అతికించి కూర కలియబెట్టడం. ఐరన్ వేడెక్కే లోపల ఒక పని, చల్లారే లోపల ఒక పని. ఇంట్లో ఎవరికీ నేను పని చేస్తున్నట్టు కనిపించేది కాదు. మధ్యమధ్య ఆగిపోయే పనిని ఎవరూ పని అనుకోరు కదా. కాలక్షేపం అనుకుంటారు.

కడప బజారులో మాది ఫ్యాన్లు, లైట్లు, రెగ్యులేటర్లు అమ్మే అంగడి. ముందు అంగడి, దాని వెనక నడవ, ఆ వెనక మా ఇల్లు. మా ఆయన ప్రదీప్‌కుమార్ ముందుంటాడు, నేను వెనకుంటాను. పెళ్లికి ముందు నేను మహిళా పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఫస్టుక్లాసులో పాసయ్యాను. పెళ్లిచూపుల్లో ఆ మాట వచ్చినప్పుడు మా మామ, "మంచిదేలే, ఫ్యూజు పోతే ఏసుకుంటాది" అని నవ్వాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది గాని ఆయన మాట నిజమైంది. చెడిపోయి తిరిగొచ్చిన మిక్సీలు, స్టెబిలైజర్లు, రెగ్యులేటర్లు నడవ దాటి నా వరండాకు వచ్చేవి. బాగై మళ్లీ నడవ దాటి ముందుకు పోయేవి. ఎవరన్నా అడిగితే మా ఆయన, "మా మెకానిక్ చేసినాడప్పా, శానా పనోడు" అనేవాడు. యాడుంటాడని అడిగితే "పాత బస్టాండు కాడ" అనేవాడు. ఒకసారి నాకు టైఫాయిడ్ వచ్చి పడుకుంటే, "మెకానిక్ ఊరికి పొయినాడు, వారం పడతాది" అని అంగట్లో చెప్పడం మంచం మీద నుంచి విన్నాను. ఊళ్లో ఆ మెకానిక్‌కి మంచి పేరు. అంత పేరున్న మనిషికి అన్నం వండి పెట్టేదాన్ని కూడా నేనే కదా అని మొదట్లో నవ్వుకునేదాన్ని. తర్వాత తర్వాత ఆ నవ్వు కూడా రావడం మానేసింది.

నేను విప్పినన్ని ఫ్యాన్ రెగ్యులేటర్లు, టీవీ సౌండు బటన్లు ఈ ఊళ్లో ఎవరూ విప్పి ఉండరు. లోపల నల్లటి కార్బన్ గీత ఒకటి ఉంటుంది, దాని మీద ఒక రేకు రుద్దుకుంటూ తిరుగుతుంది. ఆ గీత ఎక్కడ అరిగిందో చూస్తే ఆ ఇంటి సంగతి తెలిసిపోతుంది. ఎప్పుడూ ఒకేచోట అరిగి ఉంటే, ఆ ఇంట్లో ఫ్యాను ఎంత తిరగాలో చెప్పేది ఒకే మనిషన్నమాట. మిగతావాళ్లకు చలేసినా ఉక్కపోసినా దుప్పట్లోనే సర్దుకుంటారు. అరిగిన గీతలు చూసి చూసి నాకొక కోరిక పుట్టింది. రుద్దుకునేది, అరిగేది ఏదీ లేకుండా, వేలు ఆనించి జరిపితే చాలు, ఆ మేరకు గాలో వెలుగో పెరిగేటట్టు ఒకటి చేయాలని.

దానికి దారి మా అమ్మాయి శ్రీవాసవి దగ్గర దొరికింది. అది కర్నూలులో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతోంది. 2009లో, ఉగాదికి ఇంటికొచ్చినప్పుడు ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇది మా ప్రాజెక్టుకు కొన్న్యాము మా. అయిపాయ. నీకు పనికొస్తే వాడుకో."

అరచేతిలో పట్టేంత నీలం బోర్డు, ఆర్డుయినో అంటారట. దానితోపాటు ఒక పొడుగాటి పట్టీ. సన్నటి ప్లాస్టిక్ పొర కింద రాగి ముక్కలు, రంపం పళ్లలాగా ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని ఉన్నాయి. టచ్ స్లైడరు. ఎక్కడా కదిలే భాగం లేదు, అరిగే భాగం లేదు.

"దీన్ని ఎట్ల కలిపినారు?" అని అడిగాను.

"కలపనే ల్యామా. మా గుంపులో ఎవరికీ తేల్యా. లాస్టుకు మామూలు బటన్ పెట్టి ఇచ్చేసినాము."

ఆ మాట వినగానే నాకు లోపల ఒక దీపం పెద్దదయింది.

శ్రీవాసవి తన పాత కంప్యూటరు కూడా నా గదిలో పెట్టి పోయింది. నా గది అంటే వరండా పక్కనున్న చిన్న గది. నెలకు మూడు రోజులు నేను దూరం కూర్చునే గది. మా ఇంట్లో ఇప్పటికీ ఆ పద్ధతి ఉంది. ఆ మూడు రోజులు వంటింట్లోకి రాకూడదు, ఎవరినీ తాకకూడదు, నా చాప, చెంబు, పళ్లెం అన్నీ వేరు. పెళ్లయిన కొత్తలో ఆ గదిలో ముడుచుకుని ఏడ్చేదాన్ని. ఒకసారి నేను అట్లా కూర్చున్న రోజుల్లోనే ఒక పెళ్లివారి స్టెబిలైజరు చెడిపోయి వచ్చింది. మా ఆయన దాన్ని పట్టుకుని అత్త వైపు చూశాడు. అత్త కాసేపు ఆలోచించి, "ఇనుముకు మైల ల్యాలే" అని తీర్పు చెప్పింది. ఆ రోజు నుంచి ఇనుముకే కాదు, రాగికి, ప్లాస్టిక్కుకు కూడా మైల లేకుండా పోయింది. అంగడికి అవసరమైన మేరకు శాస్త్రం మారింది. అది నాకూ కలిసొచ్చింది. ఆ మూడు రోజులు పొయ్యి లేదు, కేకలు లేవు. పగలంతా నాదే. మరిచిపోయిన చదువు ఆ గదిలోనే మళ్లీ మొదలుపెట్టాను.

పట్టీని బోర్డుకు కలపడం నాకు ఒక పట్టాన అర్థం కాలేదు. శ్రీవాసవి ఇంటర్నెట్టు నుంచి కాగితాలు తీసి పంపింది గాని, వాటిలోని ఇంగ్లీషు నన్ను తిప్పలు పెట్టింది. చివరికి ఒకరోజు కొళాయి కింద బిందె పెట్టి నిలబడినప్పుడు తట్టింది. కొళాయి సన్నగా తిప్పి బిందె పెడితే, బిందె ఎంత పెద్దదైతే నిండడానికి అంతసేపు పడుతుంది. పట్టీలోని ఒక్కో రాగి ముక్క ఒక్కో చిన్న బిందె. దానికి కలిపే రెసిస్టరు సన్నగా తిప్పిన కొళాయి. మనిషి వేలు దగ్గరికొస్తే ఆ బిందె పెద్దదవుతుంది, నిండడానికి ఎక్కువసేపు పడుతుంది. ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టడమే బోర్డు పని. ఏ బిందె ఆలస్యంగా నిండిందో దాని మీద వేలుందన్నమాట. రెండు పక్కపక్కవి ఆలస్యమైతే వేలు ఆ రెంటి మధ్య ఉంది. ఇంతే సంగతి. నా జీవితంలో సగం కొళాయి దగ్గర నిలబడి, బిందె నిండే చప్పుడు వంటింట్లోంచి విని పరిగెత్తిన దాన్ని. ఈ విద్య నాకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది?

ఒక్కో రాగి ముక్క నుంచి ఒక తీగ బోర్డు మీది ఒక్కో పిన్నుకు ఇచ్చాను. ఒక్కో తీగకు ఒక పెద్ద రెసిస్టరు. వాటి రెండో కొసలన్నీ కలిపి ఇంకో పిన్నుకు. బల్బును మోసే బలం బోర్డుకు లేదు కాబట్టి మధ్యలో ఒక ట్రాన్సిస్టరు పెట్టి, చేతిలో పట్టేంత పన్నెండు వోల్టుల బ్యాటరీకి ఒక చిన్న బల్బు తగిలించాను. ప్రోగ్రాము రాయడానికే ఎక్కువ కాలం పట్టింది. తప్పొచ్చినప్పుడల్లా శ్రీవాసవికి ఫోను చేస్తే, "లైను చివర సెమికోలన్ పెట్టినావా మా?" అని నవ్వేది. వేలుంటే ఎంత లెక్క వస్తుందో, లేకుంటే ఎంత వస్తుందో చూసి, మధ్యలో ఒక అంకె తీసుకుని, అది దాటితే వేలున్నట్టు అని రాసేశాను. వంట మధ్యలో వచ్చి ఒకసారి, అంట్లు తోమి వచ్చి ఒకసారి, వేలు పెట్టి చూసి ఆ అంకె కుదిర్చాను.

అది పనిచేసిన రోజు సాయంత్రం వరండాలో ఒక్కదాన్నే ఉన్నాను. వేలు పట్టీ కింది కొస మీద ఆనించి మెల్లగా పైకి జరిపాను. బల్బు ముందు ఎర్రగా, తర్వాత పసుపుగా, తర్వాత తెల్లగా వెలిగింది. కిందికి జరిపితే తగ్గింది. చప్పుడు లేదు. నా ఇరవై ఏళ్ల కాపురంలో నేను చెప్పినదాన్ని చెప్పినట్టు, చెప్పినంత మేరకు విన్నది అదొక్కటే. వేలు అటూ ఇటూ జరుపుతూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఆ రోజు అన్నం మాడింది. మా ఆయన, "ఏమే, ఆటబొమ్మలతో పిల్లలాడుకున్నట్ల ఆడుకుంటాండావు" అన్నాడు. అన్నాడు గాని తినడం అయ్యాక బల్బు దగ్గరికి వచ్చి చూశాడు. "పెరుగుతాండాదే, తగ్గుతాండాదే" అని నేను జరుపుతుంటే చూస్తూ రెండుసార్లు అన్నాడు. అతని కళ్లలో మెప్పు చూశాను. దాని వెనకే ఇంకేదో లెక్క కూడా చూశాను.

ఆ లెక్క ఏమిటో వారంలో తెలిసింది. బనగానపల్లె దగ్గర మామిడితోటలున్న వెంకటేశ్వర్లు భార్య నాగలక్ష్మమ్మ కడపలో కొత్త మిద్దె కట్టిస్తోంది. లైట్లన్నీ మా అంగట్లోనే తీసుకుంటామని వచ్చింది. హాల్లో కూర్చోబెట్టి, కాఫీ పెట్టమని నాకు చెప్పి, మా ఆయన నా పట్టీ, బోర్డు, బ్యాటరీ, బల్బు తెచ్చి టీపాయి మీద పెట్టాడు. నన్నొక మాట అడగలేదు.

"ఇట్లాంటిది నాకు కావాల శెట్టీ," అంటోంది ఆమె, నేను కాఫీ తెచ్చేసరికి. "మా ఆయనకు నిద్ర పల్చన. తెల్లారుజామున నేను లేసి స్విచ్చేస్తే టక్కుమంటాది. ఆ చప్పుడుకు లేసి ఇంత ఎత్తున అరుస్తాడు. చీకట్లోనే తడుముకుంటా లేచ్చాండా ఇన్నేండ్లు. నా మంచం పక్కన నాకు కావలసినంత వెలుగు, చప్పుడు ల్యాకుండా."

"దానికేమమ్మా, ఇది బెంగళూరులో కూడా దొరకదు. మా మెకానిక్ చేసినాడు. ఇట్ల ఏలు పెట్టి జరిపితే..."

మా ఆయన వేలు పెట్టి జరిపాడు. బల్బు వెలగలేదు. మళ్లీ జరిపాడు. గట్టిగా నొక్కాడు. నుదుటి మీద చెమట పట్టింది గాని బల్బుకు ఏ చలనమూ లేదు. నాగలక్ష్మమ్మ ముందుకు వంగి తన వేలు పెట్టింది. ఆమెకూ పలకలేదు. నేను కాఫీ గ్లాసులు టీపాయి మీద పెట్టి, ఉండబట్టలేక, ఒక్కసారి వేలు ఆనించాను. బల్బు మెల్లగా పెరిగి తెల్లగా నిలబడింది.

నాగలక్ష్మమ్మ నా మొహం చూసింది. "శెట్టెమ్మా, ఇది నీ మాటొకటే వింటాండాదే?"

"దినామూ తుడిచేది ఆమే కదమ్మా, అలవాటైంటాది" అన్నాడు మా ఆయన నవ్వుతూ.

ఆమె నవ్వింది. నేనూ నవ్వినట్టు పెదవులు కదిపి లోపలికి వచ్చేశాను. వంటింట్లో నిలబడి ఆ మాట మళ్లీ మళ్లీ విన్నాను. దినామూ తుడిచేది ఆమే. నిజమే కదా. తుడవనిదేముంది ఈ ఇంట్లో.

"నా చేతికి పలకనిది నాకేంటికి శెట్టీ? మీ మెకానిక్‌కి చెప్పి బాగు చేయించు. మూడు దినాలకు మళ్లా వస్తా" అని ఆమె పోయింది.

ఆమె నడవ దాటగానే మా ఆయన వంటింట్లోకి వచ్చాడు. "నా పరువు పాయ పద్మా. బెంగళూరులో నాకు తెలిసినాయప్ప ఒకాయన ఉండాడు. ఇవన్నీ పెట్టెలో పెట్టి ఆయనకు పంపుతా. వాండ్లు సరిగ్గా చేసి, డబ్బాలో పెట్టి, పేరేసి ఇస్తారు."

"ఏం పేరు?"

"అంగడి పేరే. ఇంగేం పేరుంటాది?"

"ఆమె వచ్చేలోపల నేను బాగు చేస్తా" అన్నాను. నాకు మొదటిసారి అర్థమైంది, మిక్సీలు పోయినట్టు ఇది కూడా నడవ దాటి పోతుందని. మిక్సీలు ఎవరివో వాళ్లకు పోయాయి. ఇది నాది.

మరునాడే నేను దూరం కూర్చోవలసి వచ్చింది. ఎప్పుడూ లేనంత సంతోషంగా పట్టీ, బోర్డు, బల్బు అన్నీ తీసుకుని ఆ గదిలోకి పోయాను. మధ్యాహ్నం దాకా కంప్యూటరు ముందు కూర్చుని ప్రోగ్రాము ఒక్కో లైను చదువుకుని, పట్టీ మీద వేలు పెట్టాను. బల్బు వెలగలేదు.

నిన్నటిదాకా నా మాటొకటే విన్నది, ఈ రోజు నా మాట కూడా వినలేదు.

తీగలన్నీ మీటరు పెట్టి చూశాను. అతుకులు బాగున్నాయి. బ్యాటరీ బాగుంది. మళ్లీ వేలు పెట్టాను. లేదు. అత్త గడప అవతల అన్నం పళ్లెం పెట్టి పోయింది, తినాలనిపించలేదు. లేచి చెంబులో నీళ్లు తాగి, మొహం మీద కొన్ని చల్లుకుని, వచ్చి కూర్చుని ఊరికే వేలు ఆనించాను. బల్బు తెల్లగా వెలిగింది.

చేయి వెనక్కు లాక్కున్నాను. కొంగుతో బాగా తుడుచుకుని మళ్లీ పెట్టాను. సన్నగా ఎర్రగా వెలిగింది. కాసేపు చేయి ఎండలో ఆరబెట్టుకుని పెట్టాను. అసలు వెలగలేదు.

అప్పుడు నా చేతుల వంక చూసుకున్నాను. కడప ఎండలకు ఎవరి చేతులైనా పొడిబారి ఉంటాయి. అంగట్లో అట్టపెట్టెలు విప్పి విప్పి మా ఆయన చేతులు మరీ పొడి. నావి మాత్రం ఎప్పుడూ తడే. బియ్యం కడిగి, అంట్లు తోమి, పిండి కలిపి, గుడ్డ పిండి, మధ్యలో వచ్చి వేలు పెట్టి చూసి అంకె కుదిర్చాను. ఆ పట్టీకి నేను నేర్పిన మనిషి చేయి ఎప్పుడూ తడిగా ఉండే చేయి. తడి వేలికి బిందె ఎక్కువ పెద్దదవుతుంది, పొడి వేలికి తక్కువ. నేను పెట్టిన అంకెను దాటాలంటే ఆ మనిషి ఇప్పుడే వంటింట్లోంచి వచ్చి ఉండాలి. నాకు ముందు నవ్వొచ్చింది. ఇన్నేళ్లలో నా చేయి ఎప్పుడు తడిగా, ఎప్పుడు పొడిగా ఉంటుందో నేనే గమనించలేదు. నెలకు మూడు రోజులు ఆరుతున్నా గమనించలేదు. తర్వాత నవ్వు పోయి ఒక పట్టుదల వచ్చింది.

నిజానికి దాన్ని అట్లాగే వదిలేయొచ్చు. నాకు తప్ప ఎవరికీ పలకని వస్తువు నా దగ్గరే ఉంటుంది, ఎవరూ తీసుకుపోలేరు. ఒక క్షణం ఆ ఆలోచన తియ్యగానే ఉంది. కాని చేసినదాన్ని సగంలో వదలడం నా చేతకాదు. తెల్లారుజామున చీకట్లో తడుముకునే ఆవిడ చేతికి కూడా పలకాలి. పలికితేనే అది నేను చేసినట్టు.

రెసిస్టర్లు తీసి ఇంకా పెద్దవి పెట్టాను, కొళాయి ఇంకా సన్నం చేసినట్టు, చిన్న తేడా కూడా తెలిసేటట్టు. ఇక ప్రోగ్రాము. నేను పెట్టిన ఆ ఒక్క అంకెను తీసేశాను. దాని బదులు, కరెంటు రాగానే ముందు ఎవరూ తాకనప్పుడు తానెంతో తెలుసుకోమని రాశాను. దాన్ని గుర్తు పెట్టుకోమన్నాను. ఆ తర్వాత ఎవరు తాకినా, ఎంత తాకినా, దాని నుంచి ఎంత తేడా వచ్చిందో లెక్క వేసుకోమన్నాను. రాసి, ఆ లైను మళ్లీ చదువుకుని, చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఎవరూ తాకనప్పుడు తానెంతో తెలుసుకోవడం. నాకెవరన్నా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

మరునాడు పొడి వేలికి బల్బు వెలిగింది. ఇంకొకరి చేయి కావాలి. గడప అవతల అత్త ఉంది.

"అత్తా, రోంత వచ్చి దీని మీద ఏలు పెట్టు" అని పట్టీని గడప మీదుగా అవతలికి జరిపి, వెనక్కు వచ్చి గోడకానుకుని కూర్చున్నాను. తీగలు గడప దాటి ఇటు నా దగ్గరికి వచ్చాయి.

అత్త అనుమానంగా చూసింది. "నీకి తగిలిన తీగ నాకి తగులుతాదే పిల్లా."

"రాగి కదత్తా."

"రాగి అయితే ఏం పర్వాల్యా" అని ఒప్పుకుని, గడప అవతల కూర్చుని, ఎండిన కొమ్మలాంటి వేలు పట్టీ మీద పెట్టింది. పాత రోకలి పట్టుకుని పట్టుకుని ఆ వేలి గీతలే చెరిగిపోయాయి. బల్బు మెల్లగా ఎర్రబడింది. అత్త ఉలిక్కిపడి వేలు తీసింది. మళ్లీ పెట్టింది. మెల్లగా పైకి జరిపింది.

"నేను జరిపితే పెరుగుతాండాది" అంది.

"నువ్వు జరిపినంత."

"నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు లాంతరు ఉన్న్యాది. దాని ఒత్తి ఎవరు తిప్పినా మీ మామ తిట్టేటోడు. ఆయనొక్కడే తిప్పల్ల. తెల్లారి నాలుగింటికి నేను చీకట్లోనే పిండి విసిరేదాన్ని." వేలు తీయకుండా అత్త కాసేపు ఆ వెలుగును చూసింది. "ఇంగోసారి జరుపుదునా?"

"ఎన్నిసార్లన్నా జరుపు."

నాగలక్ష్మమ్మ వచ్చేసరికి నాకు ఇంకా మూడు రోజులూ నిండలేదు. హాల్లో ఆమె గొంతు వినబడింది. వెంటనే మా ఆయన వరండాలోకి వచ్చి గది ముందు నిలబడ్డాడు.

"బాగైంది అన్న్యావంట కదా. ఆ గడప మీద పెట్టు, నేను తీసుకపోయి చూపిస్తా."

"నేనే తెచ్చి చూపిస్తా."

"నువ్వు దూరముండావు కదా పద్మా. బయటోళ్ల ముందరికి ఎట్ల వస్తావు?"

"ఇనుముకు మైల ల్యాదన్న్యారు కదా."

"ఇనుముకు ల్యా. నీకుండాది."

ఆ మాట అతను కోపంతో అనలేదు. అందరికీ తెలిసిన సంగతి గుర్తు చేసినట్టు, మామూలుగా అన్నాడు. నేను పట్టీని ఒడిలోకి తీసుకుని కదలకుండా కూర్చున్నాను. కొంతసేపు చూసి అతను వెళ్లిపోయాడు. హాల్లోంచి మాటలు వస్తున్నాయి.

"మెకానిక్‌కి ఇంగా తేల్యా అమ్మా. బెంగళూరుకు పంపుతాండాను."

"ఆయప్పను పిలిపించు శెట్టీ. నేనే మాట్లాడతా."

"ఊళ్లో ల్యాడమ్మా."

ఊళ్లో లేను. టైఫాయిడ్ జ్వరంతో పక్క గదిలో ఉన్నా లేను, ఇప్పుడు ఇంత దగ్గర ఉన్నా లేను. ఎంతసేపని లేకుండా ఉంటాను? లేచాను. బోర్డు, పట్టీ, బ్యాటరీ, బల్బు ఒక పళ్లెంలో సర్దుకుని, నా పళ్లెమే అది, వరండా దాటి, వంటింటి పక్కనుంచి, హాల్లోకి నడిచాను.

గోడవార కూర్చుని చింతపండు ఒలుస్తున్న అత్త తలెత్తి చూసింది. ఆమె ఏమంటుందోనని ఇల్లంతా ఒక్క క్షణం ఎదురుచూసినట్టనిపించింది. అత్త చింతపండు చేటను తన వైపుకు లాక్కుంది.

"ఆ స్తంభం కాడ నిలబడు. ఇంగ చెప్పేదేదో చెప్పు" అంది.

స్తంభం దగ్గర నిలబడి, పళ్లెం నేల మీద పెట్టి, తీగలు తగిలించాను. "నాగలక్ష్మమ్మా, ఏలు పెట్టు చూద్దాం."

ఆమె కుర్చీలోంచి లేచి వచ్చి నేల మీద గొంతుక్కూర్చుంది. ఎండకు పొడిబారిన వేలు ఆనించి పైకి జరిపింది. వెలుగు పెరిగింది. కిందికి జరిపింది, తగ్గింది. చివర సన్నటి ఎరుపు దగ్గర ఆపింది. "ఇంత చాలు నాకి. ఇంతే" అంది, ఎవరితోనో రహస్యం చెప్పినట్టు. తర్వాత తలెత్తి, "మీ మెకానిక్ యాడ శెట్టెమ్మా?"

"నేనే మెకానిక్కును. పాత బస్టాండు కాడ ఎవరూ ల్యారు."

ఆమె మా ఆయన వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. "మా మిక్సీ రెండుతూర్లు బాగు చేసింది?"

"నేనే. రెండు తూర్లూ కింద బుష్షే పొయింది. మీ ఇంట్లో ఎవరో ఎండుకొబ్బరి ఉత్తదే తిప్పుతాండారు. రోంత నీళ్లు పోసి తిప్పమనండి."

"మా అత్త! నేను చెప్తే వినదు" అని ఆమె పకపకా నవ్వింది. "ఇన్నేండ్లు ఆయప్ప శానా పనోడంటివి కదప్పా శెట్టీ."

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "పనిమంతురాలే అమ్మా. నేనెప్పుడు కాదన్న్యా?" అన్నాడు. ఆ మాట అతను మొదటిసారి అనడం. అది నా కోసం అన్నాడో, తనను కాపాడుకోవడానికి అన్నాడో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. మెప్పు కావాలనుకున్న రోజులు ఎప్పుడో గడిచిపోయాయి. ఇప్పుడు నాకు పని కావాలి, నా చేతిమీదుగా.

"నీ పేరేందమ్మా?" అడిగింది నాగలక్ష్మమ్మ.

"పద్మప్రియ."

"పద్మప్రియా, దీన్ని మా ఇంట్లో బిగించేది ఎవరు? మంచం పక్కన పట్టీ, లైటేమో పైన సజ్జ కింద కావాల."

"నేను మనిషిని పంపుతా అమ్మా" అన్నాడు మా ఆయన వెంటనే.

"ఎవర్నీ పంపద్దు," అన్నాను. "మీ గోడ ఎట్లుండాదో, మంచం ఏ పక్క పడతాదో చూడకుండా పట్టీ బిగించకూడదు. మీ చేయి యాడ ఆనుతాదో ఆడ పెట్టల్ల. నేనే వస్తా. బేస్తవారం వస్తా."

"అంత ఎత్తున ఒక్కదానివే ఎట్ల చేచ్చావే?" అంది అత్త గోడవార నుంచి.

"ఒక్కదాన్నే కాదత్తా. నిచ్చెన పట్టుకునేకి ఒక మనిషి కావాల." మా ఆయన వైపు తిరిగాను. "ఆ పొద్దు అంగట్లో అత్త కూసుంటాది. మీరు నాతో రండి."